సున్నా పైనుంటాది

తెర మీద సున్నా
పైన, ఎడమ మూలన ఉంటాది.
కిందికి పోయేకొద్దీ అంకె పెరుగుతాది.
ఎవురు పెట్టినారో ఈ కట్టుబాటు,
గ్రాఫు పేపరు మీద నేర్చుకున్నోళ్లకి
ఇది తలకిందుల లోకం.

అందుకే చార్టులు గీసే ఏ లైబ్రరీ అయినా
మొదట చేసే పని ఒకటే:
కిటికీ ఎత్తులోంచి తీసేసి, తిప్పి
సున్నాని కిందికి దించడం.
నేనూ అదే రాసినా.
అనంతపురం, కమలానగర్, మేడ మీద రేకుల గది.
మే నెల.
ల్యాప్‌టాప్ అడుగున తడిగుడ్డ.

గీత గీయడానికే మూడు నెలలు పట్టింది.
మెట్లు మెట్లుగా విరిగే ఏటవాలు గీతకి
అంచుల్లో బూడిదరంగు పూసి నున్నగా చేసినా.
తేదీలు ఒకదాన్నొకటి తొక్కకుండా
దూరం దూరంగా నిలబెట్టినా.
గుంతకల్లు అని రాస్తే
లావొత్తు సగానికి తెగిపోయేది.
ఇంగ్లీషు అక్షరానికి కొలత తీసి కుట్టిన చొక్కా
మన అక్షరానికి యాడ సరిపోతాది?
కింద నాలుగు చుక్కల జాగా ఎక్కువ ఇడిసినా.
ఆ రోజు మాత్రం
అలంకార్ హోటల్లో రెండు ఓళిగలు తిన్నా, ఒక్కదాన్నే.

"బ్రౌజర్లో చేసెయ్, అరపూట పని"
అన్నాడు బెంగళూరు నుంచి జిలాని.
వానికేం తెలుసు,
షేక్షావలి బోర్‌వెల్ ఆఫీసులో
నెట్టు గాలివాటం మీద వస్తాదని.
ఆడ మిషన్లు మూడు, మూడూ మూడు కాలాలవి.
ఏ మిషన్లో తెరిస్తే
ఆ మిషన్ సొంత బొత్తామే రావల్ల,
సొంత మెనూ, సొంత స్క్రోల్‌బార్.
కదిరిలో ఒక మాదిరి, ఆదోనిలో ఒక మాదిరి
మాట సాగదీసినట్టు.
మూడు టూల్‌కిట్లు, మూడు యాసలు.
లోపల గీత ఒకటే.

మొన్న శుక్రవారం
ఆయన నోటుబుక్కులన్నీ ఎక్కించినా.
ముప్పై ఏళ్ల బోర్లు, గ్రీజు మరకలు, ఫీట్లు.
ఎనభై తొమ్మిదిలో నూట నలభై.
తొంభై ఆరులో రెండొందల అరవై.
రెండువేల మూడులో నాలుగొందల ఎనభై.
ఆ పైన చేతిరాత మారింది,
వెయ్యికి కామా పెట్టడం మొదలైంది.

బొత్తాం నొక్కినా.
నీలం గీత ఎడమ నుంచి కుడికి
జవుళి అంగడి లాభం మాదిరి
నిక్కుతా నిక్కుతా పైకెక్కింది.

వెనకాల రిగ్గు డ్రిల్లరు నల్లప్ప,
చేతిలో టీ గ్లాసు.
"ఏంది మేడమూ, నీళ్లు పైకొచ్చినాయా?"

లేదన్నా, అది లోతు, అన్నా.

"లోతు పైకెట్ల పోతాది?"

నేను జవాబు చెప్పలా.
షేక్షావలి జవాబు చెప్పలా.
ఫ్యాను మాత్రం తిరుగుతాంది.

ఫైలు తెరిచి
ఆ తిప్పే వరసని తీసేసినా.
మొట్టమొదట రాసినది,
నేను గొప్పగా కామెంటు కూడా పెట్టుకున్నది.
తెర ఎట్లుందో అట్లే వదిలినా.
ఇంకోళ్లకి తిప్పడం కావల్ల కదా,
దానికొక మీట పెట్టి
మీటకి 'నేల' అని పేరు పెట్టినా.

ఇప్పుడు సున్నా పైన.
దాని మీద మనం, చెనక్కాయ చేను, రిగ్గు లారీ.
గీత కిందికి దిగుతాంది.

నల్లప్ప గ్లాసు కింద పెట్టి
తెర మీద వేలు ఆనించినాడు.
"ఇది మా మామ తోటలోది. మూడించులు పడింది.
ఆ పొద్దు నన్నే ఎత్తుకున్నారు."
వేలు గీతెమ్మడి జారింది,
ఒక్కో చుక్క దగ్గరా ఊరి పేరు చెప్తా,
చెప్పకుండా దాటిపోతా,
కిటికీ అంచు తగిలేదాకా.

"దీని కింద?"

పక్కనున్న పట్టీ పట్టుకొని లాగన్నా, వస్తాది, అన్నా.

లాగినాడు.
నా స్క్రోల్‌బార్ ఆ పాత మిషన్ యాసలోనే
కిరకిరమనకుండా, మెల్లగా జరిగింది.
ఇంకా లాగినాడు.
గడులొచ్చినాయి,
గడుల కింద గడులు.